ఆగిన జాగ

చనిపోయిన రోజు పొద్దున మంగయ్య ఒక పుస్తకానికి అట్ట వేశాడు. జొన్నపిండితో గంజి కాచుకుని, పాత పేపరు మడతలు వేసి, మూలల్ని బొటనవేలితో అదిమి అదిమి అతికించాడు. తినే పిండి కాగితాలకు పూస్తున్నావని భార్య సత్తమ్మ కసిరింది. గొర్లకు జొన్నలు పోసిననాడు ఈ మాట అనలేదేం అని అడిగాడట. అట్ట ఆరడానికి పుస్తకాన్ని గోడకు ఆనించి, పక్కనే గొంగడి పరుచుకుని నడుం వాల్చాడు. మృగశిర కార్తె వచ్చి రెండు రోజులు. చినుకులు మొదలవుతుంటే పుస్తకం తడుస్తుందని సత్తమ్మ దాన్ని లోపల పెట్టి వచ్చింది. మనిషిని లేపబోతే లేవలేదు.

ఆత్మకూరు నుంచి మిర్యాలగూడకు ఆ కబురు చేరడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆముదాలు తోలుకొచ్చిన బండి మనిషి బడి గుమ్మంలో నిలబడి చెప్పాడు. సరోజ పిల్లల చేత పదమూడో ఎక్కం చెప్పిస్తోంది. కబురు విని తల ఊపింది. పదమూడు ఏడుల దగ్గర ఆపిన పిల్లలను మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది.

చనిపోయినవాళ్ళ మీద కోపం నిలవదంటారు. ఆమెకు నిలిచింది. మంగయ్య మిలిటరీ క్యాంపులో నలుగురి పేర్లు చెప్పాడు. ఆ నలుగురిలో ఒకడు ఆమె అన్న గోపయ్య. ఊరు అనుకున్నది అదే, ఆమె నమ్మింది అదే. అట్లా నమ్మి, చివరిసారి ఇంటికి వచ్చిన మనిషిని ఆమె వట్టి చేతులతో కాదు, మోసుకొచ్చిన పుస్తకంతోనే వెనక్కు పంపింది.

మంగయ్య గొర్ల వెనక పుట్టి గొర్ల వెనకనే పెరిగినవాడు. నలభై ఆరులో వానాకాలం తిరిగేసరికి మందలో రోగం పడి, అరవై జీవాల్లో ఏడు మిగిలాయి. ఆ ఏడింటినీ తమ్ముడికి అప్పజెప్పి సూర్యాపేట వెళ్ళాడు. అక్కడ నూనె గానుగ వెనక రెండు గదుల్లో ఊరి పెద్దమనుషులు కొందరు గ్రంథాలయం నడిపేవాళ్ళు. ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, పొద్దుగూకాక తాళం వేసే మనిషి కోసం చూస్తున్నారు. అక్షరం ముక్క రాని మంగయ్య ఆ పనిలో కుదిరాడు.

ఆయన దాన్ని ఏనాడూ గ్రంథాలయం అనలేదు. పుస్తకాల దొడ్డి అనేవాడు. పుస్తకం ఎవరైనా తీసుకుపోతే మేతకు పోయిందనేవాడు. తిరిగి రాకపోతే తప్పిపోయిన గొర్రెను వెతికినట్టే ఇల్లిల్లూ వెతుక్కుంటూ పోయేవాడు. మందలో ప్రతి గొర్రె ముఖం గుర్తున్న మనిషికి మూడు వందల పుస్తకాలు ఒక లెక్క కాదు. వాటి పేర్లు పెద్దమనుషులు చెప్పినా తలకెక్కించుకోలేదు. తనే పేర్లు పెట్టుకున్నాడు. బాయి కథ. అల్లుడు రాని కథ. రెండు దీపాల కథ. ముసలి రెడ్డి నవ్విన కథ. ఆ పేర్లతో అడిగితే చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీసిచ్చేవాడు.

కోదాడలో, మిర్యాలగూడలో చదివేవాళ్ళు ఉన్నారనీ, వాళ్ళు సూర్యాపేట దాకా రాలేరనీ పెద్దమనుషులు అనుకుంటుంటే, మేత మంద దగ్గరికి రాదు, మందనే తోలుకుపోవాలని మంగయ్య అన్నాడు. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి గొంగడిలో ఎనిమిదో తొమ్మిదో పుస్తకాలు మూటగట్టుకుని బయల్దేరేవాడు. సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి మిర్యాలగూడ, మళ్ళీ సూర్యాపేట. బస్సు దొరికితే బస్సు, బండి దొరికితే బండి, లేకుంటే కాలినడక. నడుస్తూనే చేతిలో కదురు తిప్పుతూ ఉన్ని వడికేవాడు. గొర్లు పోయినా ఆ చేతికి ఆ పని పోలేదు.

సరోజ, గోపయ్య మిర్యాలగూడలో ఒక చిన్న మిషన్ బడిలో టీచర్లు. తల్లి దేవమ్మతో బడి వెనకనే ఉండేవాళ్ళు. మొదటిసారి వచ్చినప్పుడు మంగయ్య చూరు దాటి లోపలికి రాలేదు. తన సొరకాయ బుర్రలో నీళ్ళు తనే తాగి, పుస్తకాలు అరుగు మీద పరిచి వెళ్ళిపోయాడు. రెండో ఎండాకాలం వచ్చేసరికి ఆ ఇంటి గడప లోపల గోడకు వీపు ఆనించి కూర్చుని, సల్ల ఉంటే జర పొయ్యమని తనే అడిగేవాడు.

మొదటి పుస్తకం తిరిగి ఇస్తూ బాగుందని సరోజ చెప్పింది.

"బాగుందని అందరంటరు బిడ్డా. పెండ్లి బువ్వ తిన్నోళ్ళు గూడ బాగుందనే అంటరు" అన్నాడు మంగయ్య. "యాడ ఆగినవ్, అది జెప్పు."

ఆమెకు అర్థం కాలేదు. ఆగుడేందని అడిగింది.

"సదువుతుంటే ఒక్క కాడ పుస్తకం మూసి బయటికి సూస్తరు సూడు. లేసి నీళ్ళు దాగొస్తరు. లేకుంటే ఉత్తగ కూసుంటరు. గా జాగ."

సరోజ కాసేపు ఆలోచించి, సిగ్గుపడుతూ ఒక పేజీ తీసి చూపించింది. మంగయ్య నడుముకు చుట్టుకున్న ఉన్ని నుంచి జానెడు నల్ల దారం తెంపి, ఆ పేజీలో పెట్టి, వెన్ను దగ్గర ముడివేశాడు. అప్పుడు చూసింది ఆమె, ఆ పుస్తకంలో అంతకుముందే రెండు దారాలున్నాయి. ఒకటి తెల్లది, ఒకటి ముదురు గోధుమ రంగుది. ఎవరో గుర్తుగా పెట్టుకున్నారేమో అనుకుని చదివేటప్పుడు వాటిని పట్టించుకోలేదు.

తెల్లది కోదాడలో వెంకటనర్సమ్మదని మంగయ్య చెప్పాడు. పన్నెండేళ్ళకే భర్త పోయి, అన్నల ఇంట్లో వెనక గదిలో ఉండే మనిషి. ఇంట్లో మగవాళ్ళకు తెలియకుండా పెరటి గోడ దగ్గర పుస్తకం అందుకునేది. "ఇక్కడ ఆగాను మంగయ్యా, ముందుకు పోబుద్ధి కాలేదు" అని ఆమె అన్న మాటను మంగయ్య ఆమె కోదాడ యాసతో సహా చెప్పేవాడు. గోధుమ రంగు దారం సూర్యాపేటలో బట్టలు కుట్టే సైదులుది. నల్ల దారం ఆ రోజు నుంచి సరోజదైంది.

ఆ మూడు ఊళ్ళ మధ్య కథల గురించి మాట పోవడం అట్లా మొదలైంది. ఏ కథ మంచిదని మంగయ్య ఎవరికీ చెప్పలేదు. ఎవరు ఎక్కడ ఆగారో చెప్పేవాడు. కోదాడ అమ్మ గీడ నాలుగు దినాలు ఆగింది, నువ్వెంతసేపు ఆగుతవో సూడు అనేవాడు. ఎవరూ ఆగకుండా చదివేసిన కథను నీళ్ళ సల్ల అని పక్కన పెట్టేవాడు. వెంకటనర్సమ్మను సరోజ ఏనాడూ చూడలేదు. ఆమె వయసెంతో తెలియదు. తెల్ల దారం ఉన్న పేజీకి వచ్చినప్పుడల్లా ఆ మనిషి పక్కన కూర్చున్నట్టు ఉండేది. కొన్నిసార్లు ఆ పేజీలో ఏముందని ఆగిందో తెలిసేది కాదు. రెండుసార్లు, మూడుసార్లు చదివితే తెలిసేది.

నలభై ఏడులో దేవమ్మ పోయింది. రెండు దీపాల కథ గురించి మంగయ్య అంతకు ముందు నుంచే ఊరిస్తున్నాడు. అది ఇమ్మని సరోజ అడిగింది.

"గిప్పుడొద్దు బిడ్డా. మీ అమ్మ పొయ్యి రెండు నెల్లన్న కాలే. పుండు మీద కథ పెట్టొద్దు. జర పక్కన పెట్టాలె" అన్నాడు. ముసలి రెడ్డి నవ్విన కథ చేతిలో పెట్టాడు. రెండు దీపాల కథ కోతలయ్యాక తెచ్చాడు. ఆ కథ చదువుతూ సరోజ మధ్యాహ్నం బడిగంట కొట్టడం మరిచిపోయింది. పిల్లలు ఇంకో అరగంట ఆడుకున్నారు. ఆ సంగతి విని మంగయ్య చాలాసేపు నవ్వి, ఒకటికి రెండు ముళ్ళు వేశాడు.

వచ్చినప్పుడల్లా పుస్తకాలు మార్చుకోవడం అయ్యాక, "నీ కండ్లు జర నాకియ్యి పంతులమ్మా" అనేవాడు. ఆమె ఒక కథ పైకి చదివేది. ఆయన కళ్ళు మూసుకుని కదురు తిప్పేవాడు. తనకూ కథలు వినాలని ఉంటుందని సూర్యాపేట పెద్దమనుషుల దగ్గర చెప్పుకోలేదు. గొర్లకాపరికి కథలెందుకని నవ్వుతారని అనుకున్నాడో ఏమో. వినేటప్పుడు కదురు ఎక్కడ ఆగిందో సరోజ గమనించేది. కానీ ఆ పేజీలో ఆయన దారం పెట్టలేదు. సదివినోళ్ళకే దారం, ఇన్నోనికి లేదనేవాడు.

గోపయ్యకు కథలంటే పడేది కాదు. లెక్కలు, చరిత్ర తప్ప మిగతాదంతా ఊకదంపుడనేవాడు. మంగయ్య ఆరు నెలలు ఊరుకుని, ఒకనాడు బాయి కథ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. నీళ్ళ కోసం వచ్చిన ఒక ఆడమనిషి బావిలోకి వంగి, తన పేరు తనే పిలుచుకుని వినే చోటు ఒకటి అందులో ఉంది. గోపయ్య అక్కడ పుస్తకం మూసి మూడు రోజులు మళ్ళీ ముట్టుకోలేదు. తర్వాత ఎవరూ అడగకుండానే పూర్తి చేశాడు. తిరిగి వచ్చిన మంగయ్యతో దాచలేక చెప్పాడు. అక్కడ దారం ముడివేసిన మంగయ్య సంబరం ఇంతా అంతా కాదు. పందెం గెలిచిన పొట్టేలు గురించి చెప్పినట్టు ఊరూరా చెప్పాడు, "మిర్యాలగూడెం పంతులు మూడు దినాలు ఆగిండు, బాయికాడ" అని.

నలభై ఎనిమిది సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. రజాకార్ల భయం పోయిందని జనం ఊపిరి పీల్చుకున్నారో లేదో, కమ్యూనిస్టు దళాల కోసం వెతుకులాట మొదలైంది. ఊళ్ళ బయట మిలిటరీ గుడారాలు లేచాయి. దళాల వాళ్ళకు అన్నం పెట్టారని, దారి చూపారని మనుషులను పట్టుకుపోయేవాళ్ళు. ఆ రోజుల్లోనూ మంగయ్య మూట మానలేదు. డిసెంబరులో ఒక పొద్దున సూర్యాపేట దగ్గర బస్సు ఆపి తనిఖీ చేశారు. గొంగడి మూటలో పుస్తకాలు, పుస్తకాల్లో రంగురంగుల దారాలు. మనిషినీ మూటనూ కలిపి క్యాంపుకు తీసుకుపోయారు.

రెండు రోజులకు సూర్యాపేటలో సైదులును, అతని పక్కింటి ఇంకొకతన్ని పట్టుకున్నారు. మూడో రోజు కోదాడలో వెంకటనర్సమ్మను జీపులో ఎక్కించుకుపోయి, పొద్దున నుంచి సాయంత్రం దాకా క్యాంపులో కూర్చోబెట్టి పంపారు. వెనక గది దాటని మనిషి జీపెక్కిందని అన్నలు ఆమెతో మాట్లాడటం మానేశారు. అదే రోజు మిర్యాలగూడ బడిలోకి వచ్చి, పాఠం చెబుతున్న గోపయ్యను తీసుకుపోయారు. ఆ వారమే క్యాంపు వాళ్ళు ఊరికి తూర్పున ఉన్న మూడు మోటబావుల్లోకి మోకులు వేసుకుని దిగి చూశారు. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

గోపయ్య తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాడు. కుడి చేతి మూడు వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. చాక్‌పీసు పట్టలేకపోయాడు. మరునాటి నుంచి ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టాడు. క్యాంపులో ఏమడిగారంటే, ఎవరు వచ్చారు, ఎవరికి అన్నం పెట్టావు, ఇదేనన్నాడు. మంగయ్య కనిపించాడా అని సరోజ అడిగింది.

"కనిపించిండు. నన్ను లోపలికి తెస్తుంటే సూసి తల దించుకుండు" అన్నాడు గోపయ్య. వంకర వేళ్ళను ఒడిలో పెట్టుకుని, "పోనియ్యి. ముసలోడు. భయపడి ఉంటడు" అన్నాడు.

సరోజ పోనివ్వలేదు. పట్టుకుపోయిన నలుగురూ మంగయ్య పుస్తకాలు చదివేవాళ్ళే. ఇంకెవరినీ పట్టుకోలేదు. ఇంతకంటే ఏం కావాలి. పుస్తకాలు మోసినోడే పేర్లు మోసిండని బస్సుల దగ్గర జనం అనుకోవడం ఆమె చెవిన పడింది. అన్న ఎడమ చేత్తో నల్లబల్ల మీద వంకర అంకెలు వేస్తుంటే వెనక కూర్చున్న పిల్లలు నవ్వారు. ఆ నవ్వు విన్న రోజున ఆమె ఇంట్లో మిగిలిన గ్రంథాలయం పుస్తకాలు రెండూ బండికిచ్చి సూర్యాపేట పంపేసింది.

మంగయ్యను ఉగాది దాటాక వదిలారు. నాలుగు నెలలు. ఎడమ కాలు ఈడుస్తూ నడిచేవాడు. పెద్దమనుషులు గ్రంథాలయం మూసేసి ఉన్నారు. ఒకరిని బతిమాలి తాళం తీయించుకుని, నాలుగు పుస్తకాలు ఏరుకుని, మళ్ళీ బయల్దేరాడు. మూట చిన్నదైంది, దారి అదే. తన చేతి నుంచి ఎవరైనా ఒక్కరు మళ్ళీ పుస్తకం తీసుకుంటే చాలని సత్తమ్మతో అన్నాడట. ఒక్కరు తీసుకుంటే మిగతావాళ్ళు తీసుకుంటారు, ఒక్క గొర్రె వాగు దాటితే మంద దాటినట్టు.

సైదులు కుట్టుమిషను మీద నుంచి లేచి వీధిలోకి తరిమాడు. కోదాడలో పెరటి గోడ మీద ముళ్ళకంప వేసి ఉంది. పొద్దంతా అక్కడ నిలబడి, మిర్యాలగూడ దారి పట్టాడు.

వైశాఖం ఎండ. సరోజ బియ్యం చెరుగుతోంది. మనిషి నీడ గడప మీద పడితే తల ఎత్తింది. మంగయ్య చూరు కింద నిలబడ్డాడు, మొదటిసారి నిలబడ్డ చోటనే. లోపలికి రాలేదు. సల్ల అడగలేదు. ముఖం సగానికి సగం అయింది.

"బాగున్నవా పంతులమ్మా? పంతులు చెయ్యి ఎట్లున్నది?"

ఆమె చెరగడం ఆపలేదు. ఆయన మూట విప్పి, ఒక పుస్తకం తీసి, దుమ్ము తుడిచి, రెండు చేతులతో ముందుకు చాపాడు.

"గిది నీకే తెచ్చిన బిడ్డా. దీంట్ల ఇంకా ఎవ్వలు ఆగలే."

సరోజ చేట కింద పెట్టింది. లేవలేదు. "మా ఇంట్ల సదివేటోళ్ళు లేరు పెద్దయ్యా" అంది.

ఆ మాట ఆమె నెమ్మదిగానే అంది. తిట్టలేదు, అరవలేదు. తిట్టి ఉంటే ఆయనకు ఏదో ఒకటి చెప్పుకునే దారి దొరికేదేమో. మంగయ్య కాసేపు అట్లాగే పుస్తకం పట్టుకుని ఉన్నాడు. తర్వాత "మంచిది బిడ్డా" అని మూటలో పెట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. ఎండలో నీళ్ళు కూడా ఇవ్వలేదే అని ఆమెకు గుర్తొచ్చేసరికి వీధి మలుపు తిరిగాడు. అప్పటికీ పిలవవచ్చు. పిలవలేదు.

మృగశిరకు ఆయన పోయాడు. దసరా సెలవుల్లో ఏదో పనిమీద సూర్యాపేట వెళ్ళిన గోపయ్య, సత్తమ్మను చూసి వస్తానని ఆత్మకూరు కూడా వెళ్ళి వచ్చాడు. ఆమె అన్న మాట ఒకటి సరోజకు చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆగి, చెప్పాడు. సైదులు తరిమినా, కోదాడలో గోడకు కంప వేసినా ముసలాయన ఏమీ అనుకోలేదట. మిర్యాలగూడ నుంచి తిరిగి వచ్చిన రోజు మాత్రం అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడట.

తప్పు చేసిన మనిషికి బాధ ఉంటుంది, ఉండాలి అనుకుంది సరోజ. మనసు మీద ఒక రాయిని అట్లా తనే ఎత్తి పెట్టుకుంది.

డిసెంబరులో, మంగయ్యను పట్టుకుని సరిగ్గా ఏడాది తిరిగాక, ఒకతను గోపయ్య పంతులు ఇల్లు ఇదేనా అంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పేరు తులసీరాం, సూర్యాపేటలో బట్టల దుకాణంలో గుమాస్తా. గోపయ్య త్రిపురారం వెళ్ళాడని చెప్పినా అతను కదల్లేదు. చేతిలో గుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది. అరుగు చివర కూర్చుని, అది క్యాంపులో మిగిలిపోయిందని, తానే ఇంటికి తీసుకుపోయానని చెప్పాడు. ఉర్దూలో చదువుకున్నవాడు కనుక క్యాంపులో ఆఫీసరుకు తర్జుమా చేయడానికి అతన్ని పెట్టుకున్నారట. ఆఫీసరు ఎక్కడివాడో దూరం మనిషి. తెలుగు మాట ఒక్కటి తెలియదు.

"మీ పుస్తకాల ముసలాయన ఏం తప్పు జెప్పలే టీచరమ్మా. నేనూ తప్పు జెప్పలే. గదే నాకు నిద్ర పడుతలేదు" అన్నాడు.

క్యాంపులో ఈ బాయి కథ పుస్తకమే తెరిచి, ఈ దారం ఏందని ఆఫీసరు అడిగాడు. క్యాంపులో పెద్ద సారు తన పుస్తకాల ముచ్చట అడుగుతున్నాడని మంగయ్య పొంగిపోయాడు. ఇన్నేళ్ళలో తన పని గురించి అట్లా అడిగిన పెద్దమనిషి లేడు. ఒక్కొక్క దారం పట్టుకుని చెప్పాడు. ఇది మిర్యాలగూడెం గోపయ్య పంతులు ఆగిన జాగ, మూడు దినాలు ఆగిండు, బాయికాడ. ఇది కోదాడ వెంకటనర్సమ్మ ఆగిన జాగ. ఇది సైదులుది, వాని పక్కింటోడు గూడ గీడనే ఆగిండు.

తులసీరాం మాటకు మాట ఉర్దూలో చెప్పాడు. ఆగుడుకు ఠహర్నా అన్నాడు. నడుస్తూ ఆగినా ఆ భాషలో అదే మాట, ఒక ఊళ్ళో బస చేసినా అదే మాట. ఆఫీసరు కాగితం తీసుకుని పేర్లు, జాగలు, దినాలు రాసుకున్నాడు. బావులు ఎక్కడెక్కడున్నాయో చూడమని మనుషులను పంపాడు.

మూడు మోటబావులు, వాటిలోకి వేలాడిన మోకులు సరోజ కళ్ళ ముందు కనిపించాయి.

తనకు ఈ మధ్యనే తెలిసిందని తులసీరాం అన్నాడు. ఈ పుస్తకం ఇంట్లో పడి ఉంటే భార్య పొయ్యి దగ్గర కూర్చుని అతనికి చదివి వినిపిస్తోంది. ఉన్నట్టుండి నోరు మూసి పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. ఎందుకు ఆగినవ్ అని అడిగాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక, ముసలాయన చెప్పిన ఆగుడు ఏందో అతనికి తెలిసింది. మరునాడు ఆత్మకూరు వెళ్ళాడు. మంగయ్య పోయి అప్పటికి ఆరు నెలలు.

"మరి మా అన్నను ఎట్ల ఇడిసిపెట్టిన్రు?" సరోజ అడిగింది.

గోపయ్యను రెక్కలు కట్టి లోపలికి తెచ్చినప్పుడు మంగయ్యకు తన మాట ఏమైందో తెలిసిందని తులసీరాం చెప్పాడు. తెలిసినాక నాలుగు రోజులు నోరు విప్పలేదు. కొట్టారు. కాలు అప్పుడే పోయింది. ఐదో రోజు తనంతట తనే సారుతో మాట్లాడతానన్నాడు. ఆ నలుగురికీ ఏమీ తెలియదు, భయపడి వాళ్ళ పేర్లు చెప్పాను, అన్ని జాగల్లో ఆగింది నేనే అన్నాడు. ఆఫీసరు అప్పుడు మూటలోంచి ఇంకో పుస్తకం తీశాడు. అందులో నల్ల దారం ఉంది. ఇది ఎవరిదన్నాడు. అదీ నాదేనన్నాడు మంగయ్య.

"సారు నమ్మలే. సదువు రానోడు పుస్తకంల గుర్తులు పెట్టుడేంది, నీకు సదివి జెప్పేదెవ్వలో గాల్ల పేరు జెప్పు, గాల్లను తెస్తా అన్నడు. అన్నిటికంటె గా ఒక్క మాట మీదనే ఎక్కువసేపు అడిగిండు."

ఆయన ఏం చెప్పాడని సరోజ అడిగింది.

"నేనే సదువుకుంట అన్నడు."

ఆ వాంగ్మూలం కాగితం తనే రాశానని తులసీరాం చెప్పాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు. చదవడం రాయడం వచ్చా అన్న గడిలో వచ్చునని రాశాడు. దాని కింద మంగయ్య వేలిముద్ర వేశాడు.